ఉత్కళ దేశమున నా సంచారము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను కాను. ఉద్యోగ విరమణానంతరము పొరుగు రాష్ట్రమగు ఒడిశాలో మూడు పర్యాయములు తిరిగి వచ్చితిని. దానిని గూర్చియే మనవి చేసెదను.

మన సిక్కోలు సీమలో పూరీకి పోని కుటుంబము అరుదు. రాత్రి బండి ఎక్కుదుము; జగన్నాథుని దర్శింతుము; ప్రసాదము మూటగట్టుకొని మరునాడు తిరిగి వత్తుము. నేనును నలుబదియేండ్లు అట్లే చేసితిని. ఉత్కళమనగా పూరీయే యని నా తలంపు. ఒకనాడు మన పఠనమందిరపు గోడనున్న పటము నెదుట నిలిచి చూడగా, పూరీ ఒక చుక్క మాత్రమే. దానికి పడమట మహానది యంత దేశమును, దక్షిణమున కొండలంత దేశమును నేనెరుగని దున్నది.

మొదటి పర్యాయము పర్లాకిమిడి మీదుగా పోయితిని. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి, బరంపురము, జయపురము అంతకుముందున్న మద్రాసు రాజధానిని వీడి అందులో చేరినవి. గిడుగు రామమూర్తి పంతులుగారు దీర్ఘకాలము నివసించినది ఆ పర్లాకిమిడిలోనే. సవరల నడుమ తిరిగి, వారి భాష నేర్చి, వారి పిల్లలకు వారి మాటలోనే వాచకములు వ్రాసిన మహనీయుడాయన. వ్యావహారిక భాషకై జీవితమంతయు పోరాడిన ఆయన ఊరి ముచ్చటను నేనిట్లు గ్రాంథికమున చదువుచున్నందుకు ఆయన ఆత్మ నన్ను మన్నించుగాక! చిన్ననాటి చదువు, విడువదు.

గంజాము తీరమున ఒక సంగతి గ్రహించితిని. 1999 అక్టోబరు 29న వచ్చిన పెనుతుపానులో ఒడిశాలో దాదాపు 10,000 మంది మరణించిరి. 2013 అక్టోబరు 12న గోపాలపురము చెంత తీరము తాకిన ఫైలిన్ తుపాను భయంకరమైనదే. కాని ముందుగానే దాదాపు 10 లక్షల జనమును తీరమునుండి తరలించిరి. చనిపోయినవారు పదులలోనే యుండిరి. నడుమ ఆ పదునాలుగేండ్లలో వారు తుపాను ఆశ్రయములు కట్టుకొనిరి, హెచ్చరిక వినుట నేర్చుకొనిరి. 2018లో తిత్లీ తుపాను మన ఉద్దానపు కొబ్బరితోటలను కూల్చిన రాత్రిని మరువని మనకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

చిల్క సరస్సును రైలు కిటికీనుండి మీలో చాలమంది చూచియేయుందురు. కొన్నాళ్లకు పూడిక పేరుకొని సముద్రపు ముఖద్వారము సన్నగిల్లగా, నీటిలో ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, చేపలు తరిగిపోయినవట. 2000 సంవత్సరమున ఇసుకదిబ్బకు క్రొత్తగా గండి త్రవ్వి సముద్రమును లోనికి రానిచ్చిరి. చేపలు తిరిగి వచ్చినవి. సాతపడా వద్ద పడవ ఎక్కినచో నీటి ఏనుగు పిల్లవలె నున్న తల నెత్తి చూచెడి డాల్ఫినులు కూడ కానవచ్చును. నాకు రెండు కానవచ్చినవి. పడవవాడు ఐదు అనెను.

కోణార్కమును గూర్చి చాలమంది చాల వ్రాసిరి. పదమూడవ శతాబ్దిలో గాంగరాజు నరసింహదేవుడు కట్టించిన దనియు, ఆ వంశపు రాజధాని ఒకప్పుడు మన ముఖలింగమే యనియు మాత్రము చెప్పి ముందునకు పోయెదను. ఏలనన, నన్ను ఎక్కువసేపు నిలిపినది కోణార్కము కాదు. భువనేశ్వరమునకు సమీపముననున్న ధౌళి.

దయానది యొడ్డున చిన్న గుట్ట. బండలోనుండి ముందుకాళ్లతో వెలువడుచున్నట్లు ఏనుగును చెక్కిరి. దాని క్రింద అశోకుని శాసనములు. క్రీస్తునకు పూర్వము 261 ప్రాంతమున కళింగ యుద్ధము జరిగినది. లక్షమంది హతులైరనియు, లక్షన్నర మంది చెరగొనిపోబడిరనియు, తాను పశ్చాత్తప్తుడనైతిననియు అశోకుడే తన పదమూడవ శాసనమున చెప్పుకొనెను. మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండమీద ఆ శాసనమున్నది. కాని యుద్ధము జరిగిన కళింగములో, ధౌళిలోను, గంజాము జిల్లా జౌగడలోను, అది లేదు! దానికి బదులు ఆ ప్రాంతపు అధికారులకు రెండు ప్రత్యేక శాసనములు వ్రాయించెను: ప్రజలను రాజు బిడ్డలుగా నెంచుచున్నాడనియు, నిష్కారణముగ ఎవరిని చెరపెట్టి బాధింపరాదనియు వాని సారాంశము.

ఎందుకు మానెను? నాతో వచ్చిన మిత్రుడు, అది రాజనీతి, ఓడినవారికి ఓటమిని జ్ఞాపకము చేయుట తెలివి కాదనెను. నాకట్లు తోచలేదు. ఎవరి బిడ్డలను చంపితిమో వారి వాకిట నిలిచి ఆ లెక్క చదువుటకు ఎంత రాజైనను సిగ్గుపడి యుండుననిపించినది. మిత్రునితో బస చేరువరకు వాదించితిని. ఇప్పటికిని మాకు సమాధానము కుదరలేదు.

రెండవ పర్యాయము సంబల్పురము పోయి హీరాకుద్ ఆనకట్ట చూచితిని. 1957లో నెహ్రూగారు ప్రారంభించిరి. మహానదికి అడ్డముగ నిలిచిన ఆ కట్ట నిజముగా గొప్పదే. కాని దాని అడుగున లక్షమందికి పైగా జనుల ఊళ్లున్నవి. వేసవిలో నీరు తగ్గినప్పుడు మునిగిన గుడుల శిఖరములు పైకి వచ్చును. మన సంగమేశ్వరము శ్రీశైల జలాశయమునుండి యేటేట పైకి వచ్చినట్లే. పొలము తడిసినవాడును, ఊరు మునిగినవాడును ఆ నీటిని ఒకే కంటితో చూడలేరు.

కొరాపుట్టు కొండలకు కొత్తవలస నుండి అరకు మీదుగా పోవు బండిలో పోయితిని. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవవర్మగారి జయపురము ఈ జిల్లాలోనిదే. అచట వారపు సంతలో మన చోళ్లే, మన సామలే. వరి రకములు మాత్రము నేనెన్నడు చూడనివి. కొరాపుట్టు సాంప్రదాయిక వ్యవసాయమును 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వములలో నొకటిగా గుర్తించినది. ఆ గుర్తింపును గూర్చి గింజలమ్ము ముసలమ్మ నడిగితిని. ఆమె నవ్వి, కొలత నింపి, డబ్బుకై చేయి చాచినది.

ఇక మూడవ పర్యాయము. తిరిగి పూరీయే. ఈసారి దర్శనమైన వెంటనే బండి యెక్కక, తెల్లవారుజామున సముద్రతీరమునకు పోయితిని. మొన తేలిన టోపీ పెట్టుకొని యాత్రికుల చేయి పట్టి స్నానము చేయించు నోలియాలను మీరును చూచియుందురు. నా చేయి పట్టిన ముసలివాడు, “కెరటం వొస్తంది, ఒంగోండి బాబూ!” అనెను. నేను ఉలికిపడితిని. నలుబదియేండ్లు ఆ తీరమున మునిగితిని గాని వారు మనవారని విచారింపనైతిని.

పెంఠకట అను పల్లెలో అతని గుడిసె. “మా తాతలు మీ ఏపునుంచే వొచ్చేరు. ఇంట్ల తెలుగే బాబూ. సదవడమే రాదు,” అని చెప్పెను. అతని మనుమరాలు బడిలో ఒడియా చక్కగ చదువుచున్నది. అది తగినదే, ఉన్న దేశపు చదువు చదువవలసినదే. ఆ పిల్ల నా చేతిలోని వార్తాపత్రికను తిరగేసి, తన తాత మాటలకు ఇట్టి అక్షరములుండునా యని ఒడియాలో అడిగినదట. ముసలివాడు నాకు తెలుగున చెప్పెను. చెప్పి, “ఒక పెద్దబాలశిచ్చ పంపుతారా బాబూ?” అనెను. పంపెదనని మాట యిచ్చితిని.

పుస్తకము కొని రెండేండ్లైనది. మా యింటి బీరువాలోనే యున్నది. తపాలాలో వేయుటకు ఆ గుడిసెకు సరియైన విలాసము లేదు. నా మోకాళ్లు నన్ను మరల పోనిచ్చుట లేదు. ఈ సభలోనివారెవరైన రాబోవు మాసములో పూరీకి పోవుచున్నచో, సభ ముగిసినపిమ్మట నన్ను కలిసికొనవలెనని ప్రార్థన. మనిషిని గుర్తుపట్టుట కష్టము కాదు. ఎడమచేతి చిటికెనవ్రేలు లేదు. తెల్లవారుజామున నీళ్లలోనే యుండును.