మోటారు సైకిలు కార్బురేటరు నుండి పెట్రోలు కారుచున్నప్పుడు
(తడలో రైతులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



వరి సాగును గూర్చి చెప్పవలసినవాడు మోటారు సైకిలును గూర్చి చెప్పుట మీకు వింతగా తోచవచ్చును. కాని నేడు మీ యిండ్ల ముందు ఎద్దుబండి కంటె మోటారు సైకిలే ఎక్కువగా కనబడుచున్నది. యూరియా బస్తా పొలము చేరవలెనన్నను, పాలు కేంద్రమునకు పోవలెనన్నను అదియే ఆధారము. రాత్రివేళ దానిని ఎక్కడ ఉంచుచున్నారు? పశువుల కొట్టములోనో, గడ్డివామి చెంతనో! పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది నేలబారుగా ప్రాకి కొంత దూరమున నున్న దీపమునో, బీడీ నిప్పునో అందుకొనగలదు. కొట్టములో కట్టివేసిన గేదె తాడు తెంచుకొని పారిపోలేదు. అందుచేత కారుచున్న బండిని మొదట ఆరుబయటకు తోసి, ట్యాపు మూసి, ఇంజను చల్లారిన తరువాతనే పని ఆరంభింపవలెను.

2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 నిబంధనలు వచ్చిన మీదట తయారైన బండ్లలో అధిక భాగమునకు కార్బురేటరు లేదు. ఇంజక్షను పద్ధతి వచ్చినది. నేను చెప్పునది అంతకు పూర్వపు బండ్లను గూర్చి. పల్లెలలో అవి ఇంకను ఎన్నో తిరుగుచున్నవి.

కార్బురేటరు అడుగున ఒక చిన్న గిన్నె కలదు. ట్యాంకు నుండి పెట్రోలు దీనిలోనికి దిగును. గిన్నెలో ఫ్లోటు అను తేలెడి బుడ్డి యుండును. పెట్రోలు పెరిగిన కొలది ఇది పైకి లేచి, ఒక సూదిని రంధ్రములోనికి నెట్టి దారి మూయును. మీ మిద్దెమీది నీళ్ల ట్యాంకులో బంతి తేలి నీటిని ఆపుట చూచినారు గదా, ఇదియు అంతే. సూది సరిగా మూయనిచో పెట్రోలు నిండి, పొర్లుగొట్టము ద్వారా నేలపాలగును.

ఏమాత్రము పోవుచున్నదో కొలిచి చూడుడు. పొర్లుగొట్టము క్రింద సీసా పెట్టి పది నిమిషములు పట్టుడు. 12 మిల్లీలీటర్లు వచ్చినచో గంటకు 72, పది గంటల రాత్రికి 720 మిల్లీలీటర్లు! (పురుగుమందు కొలిచెడి మూతను ఇందుకు వాడకుడు, ఇందుకు వాడిన దానిని వంటింటికి పోనీయకుడు.)

విప్పుటకు ముందు ఎక్కడినుండి కారుచున్నదో కనుగొనవలెను. గుడ్డతో అంతయు పొడిగా తుడిచి, ట్యాపు తిప్పి కనిపెట్టి చూడుడు. ట్యాంకు నుండి వచ్చు రబ్బరు గొట్టము చివర తడి కనబడినచో గొట్టము పగిలినదన్న మాట. గిన్నె అతుకు చుట్టును చెమ్మగిల్లినచో అచటి రబ్బరు పట్టీ చెడినది. గిన్నె అడుగు స్క్రూ వద్దనైనచో దానిని కొంచెము బిగించిన చాలును. కొంచెమే సుమా! నేనొకమారు బలముగా బిగించి మర చెరిపి, గిన్నెనే మార్చవలసి వచ్చినది. పొర్లుగొట్టము నుండి వచ్చుచున్నచో దోషము సూదిదో ఫ్లోటుదో. అయితే బండిని పక్క స్టాండుపై వాల్చినప్పుడు మాత్రమే కారి, నడిమి స్టాండుపై నిలిపినప్పుడు ఆగినచో తొందరపడి విప్పనక్కరలేదు.

సూది దోషమునకు సామాన్యముగా కారణము చెత్త. ఒక తుప్పు రేణువు చిక్కుకొన్నను రంధ్రము మూతపడదు. ముందు స్క్రూ డ్రైవరు పిడితో గిన్నెపై మెల్లగా రెండు మూడు సార్లు తట్టుడు. తరువాత అడుగు స్క్రూ వదలించి గిన్నెలోని పెట్రోలును గాజు సీసాలోనికి దింపి వెలుతురులో చూడుడు. ఎర్రని పొడి అడుగున దిగినచో ట్యాంకు లోపల తుప్పు పట్టినదన్న మాట. అట్టి బండికి కార్బురేటరును ఎన్నిమార్లు శుభ్రపరచినను రెండు దినములకు మరల కారును. ట్యాంకు కడిగించి, గొట్టము నడుమ ఫిల్టరు పెట్టించుటయే దారి.

తడ ప్రాంతమున ఈ బాధ ఎక్కువ కాకేమగును? పులికాట్ సరస్సు మీది ఉప్పుగాలి ఒక ప్రక్క, అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వానలు మరియొక ప్రక్క. మూత రబ్బరు చెడినచో ట్యాంకులోనికి నీరు దిగును. పైగా నేడు బంకులలోని పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు తేమను పీల్చును. నీరు హెచ్చినచో ఇథనాలును నీరును కలిసి పెట్రోలు నుండి విడిపోయి అడుగున చేరును. సీసాలో రెండు పొరలు కనబడినచో ఆ పెట్రోలును మరల ట్యాంకులో పోయకుడు. పాత బండ్ల రబ్బరు భాగములను కూడ ఇథనాలు ఉబ్బించి చెరుపవచ్చును.

తట్టినను కడిగినను ఆగనిచో గిన్నె విప్పవలసినదే. ఫ్లోటును చెవివద్ద ఊపి చూడుడు. లోపల ద్రవము కదలిన సవ్వడి వినబడినచో చిల్లి పడినది. సూది కొనపై ఉంగరమువంటి గాడి కనబడినచో అరిగినది. దానిని గరుకు కాగితముతో రుద్దువారు కలరు. అది శుద్ధ తప్పు. క్రొత్త సూది వేయవలెను. జెట్టు రంధ్రములలో తీగ దూర్చుటయు అట్టిదే, రంధ్రము పెద్దదై పెట్రోలు ఎక్కువ త్రాగును. అతుకునకు సబ్బు ముద్ద పూసి సరిపెట్టుకొనుట ఊరి మెళకువ. అది పట్టీకి బదులు కాజాలదు. ఫ్లోటు ఎత్తు సరిచూచుటకు ఆ బండికి నిర్ణయించిన కొలత కావలెను, కనుక ఆ పని మెకానిక్కుకు విడుచుట మంచిది.

ఒక్క విషయము మాత్రము మరువరాదు. పొర్లిన పెట్రోలు అంతయు బయటికే రాదు. కొంత ఇంజను లోపలికి పోయి, నాలుగు స్ట్రోకుల బండ్లలో ఆయిలులో కలియును. ఆయిలు మట్టము పెరిగినదేమో, పెట్రోలు వాసన వచ్చుచున్నదేమో పుల్లతో చూచుకొనుడు. వచ్చినచో ఆయిలు మార్చక బండి నడపకుడు. పలుచబడిన ఆయిలు బేరింగులను అరగదీయును. కిక్కు రాయివలె గట్టిగా నిలిచినచో బలవంతముగా తొక్కకుడు. సిలిండరులో పెట్రోలు నిండియుండవచ్చును. ప్లగ్గు విప్పి, దాని తీగను దూరముగా పెట్టి, లోపలిది బయటకు పోనిచ్చిన తరువాత మెకానిక్కుకు చూపుడు.

పెట్రోలు స్ప్రేయర్లలో కొన్నిటికి కూడ ఇట్టి ఫ్లోటు కార్బురేటరే కలదు. పని ముగియగనే ట్యాంకు ఖాళీచేసి, గిన్నెలోని పెట్రోలు తీసివేసి భద్రపరచినచో పై పంటకు ఇబ్బంది యుండదు.

బిగింపు పూర్తియైన పిదప ఇంజను ఆపియుండగనే ట్యాపు తెరచి, క్రింద పాత వార్తాపత్రిక పరచి పది నిమిషములు కనిపెట్టుడు. కాగితముపై మచ్చ పడనిచో కిక్కు కొట్టుడు. రాత్రి కొట్టములో పెట్టునప్పుడు మాత్రము ట్యాపు మూయుడు.