ఆశా అక్కకు మూడు మంచి సంగతులు

పావగడ ఎండ గురించి మీకు చెప్పేదేముంది! ఆ ఎండలోనే రాయచెర్లు లాంటి ఊళ్ళలో గడపగడపకూ తిరిగి గర్భిణుల బాగోగులు, బిడ్డల టీకాలు కనుక్కునేది ఆశా కార్యకర్తలు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశాలకు పురస్కారమిచ్చింది. సంతోషమే. మరి రోజూ పడే అలసట?

ఆ అలసటకు సానుకూల మనస్తత్వశాస్త్రంలో ఒక తేలిక సాధన ఉంది. అమెరికా శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్మన్ బృందం పరీక్షించినది. పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు, అవి ఎందుకు జరిగాయో రాసుకోవాలి. టీకా వద్దని మొండికేసిన తల్లి చివరికి ఒప్పుకుంది, అదీ ఒక సంగతే. అమెరికాలోనే డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 228 మంది ఆరోగ్య సిబ్బంది చేత 15 రోజులు ఇలా రాయించారు. మానసిక అలసట తగ్గింది, ఏడాది తర్వాతా ఆ మేలు కనబడిందని 2019లో ప్రకటించారు. సాధన చేయనివారితో పోల్చి చూడలేదు కనుక మరీ మురిసిపోనక్కర్లేదు.

ఇంకోమాట. ఆశాలకు గౌరవధనం ఆలస్యమైతే ఏ నోటుపుస్తకమూ ఆ లోటు తీర్చదు. అది సర్కారు చూడాల్సిన పని. మనం చేయగలిగిందీ ఉంది: ఈసారి ఆశా అక్క ఇంటికొస్తే కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి, ఆమె వల్ల మీ ఇంటికి జరిగిన మేలేమిటో ఆమెతోనే చెప్పండి.