పెరటిలోని పోషణము

వరియు ప్రత్తియు పండించి లోకమునకు అన్నవస్త్రములు సమకూర్చు రైతు ఇంటనే తల్లులు రక్తహీనతతోడను, పిల్లలు విటమిను లోపములతోడను బాధపడుచుండుట మిక్కిలి శోచనీయము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆకుకూరలను నిత్యము భుజింపుడని చెప్పుచున్నది. వారమునకొక సంతపై ఆధారపడిన ఇంట అవి నిత్యము ఎట్లు దొరకును?

బియ్యము, కూరలు కడిగిన నీరు వృథాగా ఇంకు పెరటిచోటనే రెండు మళ్లు కట్టి తోటకూర, గోంగూర, బచ్చలి వేయుడు. తోటకూర విత్తులు కడు సూక్ష్మములగుటచే ఇసుకతో కలిపి చల్లవలెను. నెల తిరుగునప్పటికి కోతకు వచ్చును. గోడవార మునగకొమ్మ నాటుడు. కాయలు కోసికొని ఆకును పారవైచు ఇండ్లను చూచినప్పుడెల్ల నా మనస్సు నొచ్చును; విటమిను 'ఏ'నిచ్చు పదార్థము ఆకునందే అధికము గదా! మునగాకు పప్పును నూనె తాలింపుతో వండి, దించిన పిదప నిమ్మరసము పిండినచో, అందలి ఇనుము ఒంటికి చక్కగా పట్టును.