శరణు దొరకనివారి కాగితం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శి గారు మమ్మల్ని ఉర్దూ మాధ్యమ పాఠశాలల పరిస్థితి మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ విషయము మేము ప్రతి ఏటా చెబుతూనే ఉన్నాము, మీరు వింటూనే ఉన్నారు. ఈసారి వారి అనుమతితో వేరొక సంగతి మనవి చేసుకొనుచున్నాము. తిరిగి తిరిగి అది కూడా మా బడి రిజిస్టరు దగ్గరికే వస్తుంది.

2023లో ఒకనాడు బడి వదిలే వేళకు మా పాత విద్యార్థి తల్లి ఒకామె వచ్చినారు. కొడుకు 2016లో ఏజెంటు ద్వారా జర్మనీ పోయినాడు. హోటలు పని అని చెప్పి తీసుకొనిపోయి, దిగిన తరువాత "శరణు కావాలని దరఖాస్తు పెట్టుకో, ఉండిపోవచ్చు" అని సలహా ఇచ్చి, పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకొని ఆ ఏజెంటు తప్పుకున్నాడు. దరఖాస్తు 2017లో తోసివేసినారు. కోర్టులోనూ నిలువలేదు. ఆమె ఫోనులో ఒక కాగితము ఫోటో చూపించినారు. దాని మీద ఏటవాలుగా ఎర్రటి గీత ఉన్నది.

"మాస్టర్ సాబ్, ఆరేండ్ల నుంచి ఇదే కాగితం మార్చి మార్చి ఇస్తున్నారు. మా వాణ్ణి ఉండనిచ్చినట్టా, పంపించేస్తున్నట్టా?"

మాకు జర్మన్ రాదు. తెలిసినవారి చేత చదివించుకుంటే దాని పేరు డుల్డుంగ్ అని తేలినది. ఓర్చుకొనుట అని అర్థము, అంటే మన బర్దాష్త్. సర్కారు కాగితానికి ఇంత దాపరికం లేని పేరు మేము మరొకటి చూడలేదు. ఇది నివాసానుమతి కాదు, ఇతడు దేశము విడిచి పోవలసినవాడే అని ఆ కాగితము మీదనే రాసి ఉంటుంది. పంపుట రద్దు కాలేదు, ఆగినది మాత్రమే. పాస్‌పోర్టు లేకపోవచ్చు, జబ్బు కావచ్చు, ఆ దేశానికి విమానమే లేకపోవచ్చు. ఆ అడ్డు ఉన్నంతవరకు అక్కడ ఉండుట నేరము కాదు. అడ్డు తొలగిననాడు పోలీసు తలుపు తట్టవచ్చు. కనుక ఆమె ప్రశ్నకు రెండూ కాదన్నదే జవాబు.

ఇక్కడ చేదైనా ఒక మాట చెప్పాలి. 1951 జెనీవా ఒప్పందము ప్రకారము జాతి, మతము, జాతీయత, రాజకీయాభిప్రాయము, ఫలానా సామాజిక వర్గమువాడగుట, వీటి వలన హింస భయము ఉన్నవానికి శరణు. యుద్ధము నుంచి పారిపోయి వచ్చినవారికి వేరే రకము రక్షణ ఉన్నది. అప్పు, నిరుద్యోగము, చెల్లెలి పెండ్లి, ఇవి ఎంత నిజమైన కష్టాలైనా ఆ లెక్కలోకి రావు. ఏజెంటుకు ఈ సంగతి తెలుసు. మన పిల్లలకు తెలియదు. నిరాకరించిన ఉత్తరము వచ్చిన తరువాత అప్పీలుకు ఉండేది ఒకటి రెండు వారాలే. అది అర్థమై, వకీలును వెతికే లోపల గడువు దాటిపోయినవారు ఎందరో.

ఆ కాగితము మీద బ్రతుకు ఎట్లుంటుందో వినండి. ఒక్కోసారి ఒక నెలకు, ఒక్కోసారి మూడు నెలలకు, ఆరు నెలలకు ఇస్తారు. మళ్ళీ విదేశీయుల కార్యాలయము ముందు వరుసలో నిలబడాలి. పని చేయాలన్నా అదే కార్యాలయము అనుమతి కావాలి. ఏ ఊళ్లో ఉండవలెనో వారే చెప్పవచ్చు. అక్కడివారు దీనిని గొలుసు డుల్డుంగ్ అంటారు. 2022 అక్టోబరు చివరి నాటికి జర్మనీలో ఇట్లా ఓర్చుకోబడుతున్నవారు దాదాపు 2,48,000 మంది. అందులో సుమారు 1,37,000 మంది ఐదేండ్లు దాటినవారు. అక్కడే పుట్టి, అక్కడి బడిలో చదివే పిల్లలు కూడా ఇందులో ఉన్నారు.

ఆగినది ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. అఫ్ఘానిస్తాన్‌కు పంపుట 2021 ఆగస్టులో ఆపినారు. 2024 ఆగస్టు 30న శిక్షలు పడిన 28 మందిని లైప్‌జిగ్ నుంచి విమానములో పంపినారు. 2025 జూలైలో మరి 81 మందిని పంపినారు.

ఇంకొకటి. డుల్డుంగ్‌తో దేశము దాటితే అది అంతటితో చెల్లిపోతుంది, తిరిగి రానివ్వరు. 2019లో తండ్రి చనిపోతే ఆ పిల్లవాడు జనాజాకు రాలేదు. మన వీధిలో కొందరు వానిని నిష్ఠూరమాడినారు. మేము కూడా ఆ రోజు మనసులో అనుకున్నాము. కాగితము సంగతి అప్పుడు మాకు తెలియదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ తల్లి జనన ధ్రువపత్రము తెచ్చినారు. కొడుకు పంపమన్నాడు, బంధువులు వద్దన్నారు. "గుర్తింపు చేతికిచ్చినావంటే మరుసటి రోజే పంపేస్తారు" అన్నారట. ఈ భయము ఉత్తది కాదు. పాస్‌పోర్టు లేకపోవుటే పంపకుండా ఆపిన అడ్డు అయినప్పుడు, పాస్‌పోర్టు వస్తే ఆ అడ్డు పోతుంది. కానీ ఇవ్వకుండా దాచితే ఏమవుతుంది? గుర్తింపు తేల్చుకోనివానికి 2019 నుంచి ఇంకా తక్కువ రకము డుల్డుంగ్ ఒకటి పెట్టినారు. అది ఉన్నవానికి పని అనుమతి లేదు. తరువాత నివాసానుమతి అడుగుటకు దారి కూడా మూసుకొనిపోతుంది. ఇస్తే పంపుతారేమో, ఇవ్వకపోతే ఎన్నటికీ అంతే. ఎంతోమంది దీని మధ్యలో పదేండ్లు గడిపినారు.

ఈ ముడి విప్పుటకే 2022 డిసెంబరు 31 నుంచి అక్కడ ఒక చట్టము తెచ్చినారు. 2022 అక్టోబరు 31 నాటికి ఐదేండ్లు ఉన్నవానికి, పెద్ద నేరములు లేకుంటే, 18 నెలల నివాసానుమతి. గుర్తింపు ముందుగా చూపనక్కరలేదు, ఆ 18 నెలలలో తెచ్చుకోవాలి. మాట్లాడేంత జర్మన్ నేర్వాలి, తిండి ఖర్చు ఎక్కువ భాగము సొంత సంపాదనతో గడపాలి. అన్నీ కుదిరితే మామూలు నివాసానుమతికి మారవచ్చు, కుదరకపోతే తిరిగి డుల్డుంగే. భయపెట్టి గుర్తింపు అడుగుటకు, చేతిలో కాగితము పెట్టి అడుగుటకు ఉన్న తేడా ఎవరో బుద్ధిమంతుడు గ్రహించినాడు.

మన దగ్గర, హైదరాబాదు బాలాపూర్‌లో ఉన్న రోహింగ్యాల వైపు చూసినప్పుడు ఈ బర్దాష్త్ కాగితము కూడా గొప్పగానే కనిపిస్తుంది. మన దేశము 1951 ఒప్పందము మీద సంతకము చేయలేదు. వారి చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి కార్డు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వారి విషయములో చెప్పినదల్లా నిర్ణీత పద్ధతి పాటించకుండా పంపరాదని మాత్రమే.

ఆ పిల్లవానికి 18 నెలల అనుమతి వచ్చినది. ఫ్రాంక్‌ఫర్టులోని భారత కాన్సులేటులో పాస్‌పోర్టుకు పెట్టుకుంటే విచారణ మన ఊరికి వచ్చి ఇక్కడ ఆగిపోయినది. ఎందుకు? పాత పాస్‌పోర్టు మా బడి టీసీ చూపి తీసినది. అందులో పుట్టిన తేదీ జూలై 1. మునిసిపాలిటీ పత్రములో ఫిబ్రవరి. పేరు రిజిస్టరులో ఉర్దూలో ఒక్క తీరుగానే ఉన్నది కాని, ఇంగ్లీషులోకి వచ్చేసరికి ముహమ్మద్ ఒకచోట పూర్తిగా, ఒకచోట రెండక్షరాల పొట్టి రూపములో, మూడోచోట అచ్చు మారి ఉన్నది. తండ్రికి తేదీ గుర్తులేకుంటే జూలై 1 వేయుట మా దగ్గర పాత అలవాటు. ఆ టీసీలో చేతిరాత మాదే.

హెడ్‌మాస్టరు ధ్రువీకరణ, నోటరీ అఫిడవిట్, రిజిస్టరు నకలు, వీటి కొరకు నాలుగు నెలలు తిరిగినాము. గడువు మూడు వారాలున్నదనగా పాస్‌పోర్టు వచ్చినది. 2025లో ఆ పిల్లవానికి మామూలు నివాసానుమతి ఇచ్చినారు. అది కూడా రెండేండ్లదే, మళ్ళీ పొడిగించుకోవాలి. ఆ రంజానుకు ఇంటికి వచ్చి, ముందు కబ్రస్తాన్‌కు పోయి, తరువాత మా ఇంటికి వచ్చినాడు.

ఆ 18 నెలల చట్టము 2025 డిసెంబరు 31తో ముగిసినది. ఆరేండ్లు ఉన్నవారికి, మైనరు పిల్లలతో ఉంటే నాలుగేండ్లకు, అడుగుకొనే మామూలు నియమము ఉన్నది. దానికీ గుర్తింపు కావాలి.

అందుకని కమిటీ వారితో మాట్లాడినాము. వచ్చే నెల నుంచి ప్రతి ఆదివారము జొహర్ తరువాత సొసైటీ ఆఫీసులో కూర్చుంటాము. పిల్లల టీసీ, జనన పత్రము, ఆధార్ మూడూ పట్టుకొని రండి, పేర్లు కలిపి చూద్దాము. బయటి దేశములో ఎవరి బిడ్డయినా ఇటువంటి కాగితము మీద ఉంటే దాని ఫోటో కూడా తెండి. నలుగురి ముందు చెప్పుకొనుటకు మొహమాటమైతే అసర్ తరువాత మా ఇంటికి వచ్చినా సరే.