డప్పుకు కూలి ఎవరియ్యాలె?

(కర్మన్‌ఘాట్‌లో స్థానిక కళాకారులు, కాలనీవాసులు కలిసి పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంస్కృతి గురించి మాట్లాడుమంటే గొప్ప గొప్ప మాటలు ఎన్నైనా చెప్పొచ్చు. మేం ఇయ్యాల పైసల ముచ్చట మాట్లాడదలుచుకున్నం. డప్పు కొట్టేటోని చేతికి ఎంతొస్తున్నది? ఎవరిస్తున్నరు? ఎప్పుడిస్తున్నరు? ఏం అడిగి ఇస్తున్నరు? ఈ నాలుగు సంగతులు తేలితే సంస్కృతి సంగతి దానంతటదే తేలుతది.

మనం కూసున్న ఈ కర్మన్‌ఘాట్ సాగర్ రోడ్డుకు ఆనుకున్న ఊరు. దేవరకొండ దిక్కు నుంచి, మునుగోడు దిక్కు నుంచి, నల్లగొండ, సూర్యాపేటల నుంచి బతుకుదెరువు ఎతుక్కుంట వచ్చినోళ్లకు ఎల్బీనగర్, హస్తినాపురం, చంపాపేట, సరూర్‌నగర్ మొదటి మజిలీలు. వచ్చినోళ్లలో మేస్త్రీలున్నరు, ఆటో తోలేటోళ్లున్నరు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లున్నరు. వాళ్లలోనే ఒగ్గు డోలు కొట్టేటోళ్లున్నరు, చిందు గజ్జె కట్టినోళ్లున్నరు, కోలాటం నేర్పగలిగిన అక్కలున్నరు. పొద్దంతా సిమెంటు మోసినోని చేతుల్లో ఒక కళ ఉన్నదని పక్కింటోళ్లకు తెల్వది. ఎందుకు తెల్వది? ఆ కళను అడిగేటోడు లేడు గనుక. అడిగితే కూలి ఇయ్యాలె గనుక.

ఊర్లో ఈ బాధ ఎట్ల తీరేది? మన పెద్దలకు ఒక ఏర్పాటు ఉండె. దాని పేరు మిరాశి. మాదిగలకు చిందోళ్లు, గొల్లకురుమలకు ఒగ్గోళ్లు, పద్మశాలీలకు కూనపులోళ్లు, ముదిరాజులకు కాకిపడగలోళ్లు. ఒక్కో కులానికి ఒక్కో ఆశ్రిత కులం. ఏ కుటుంబానికి ఏ ఊర్లు అన్నది ముందే పంచుకొని ఉండేది. ఆ ఊర్లకు పోతే ఆట ఆడాలె, కథ చెప్పాలె. దానికి ఊరు కట్టిచ్చేది త్యాగం. బిచ్చం కాదది. ఇయ్యకపోతే అడిగే హక్కు ఉండేది, ఎగ్గొడితే పంచాయితీ పెట్టే హక్కు ఉండేది. కులం మెట్ల మీద నిలబడ్డ ఆ ఏర్పాటును మళ్లీ తెమ్మని మేం అనడం లేదు. అండ్ల అవమానం ఉన్నది, అంటరానితనం ఉన్నది. కానీ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలె. కళకు చిన్న మొత్తం, ఏటేటా, తప్పకుండా, అడిగి తీసుకునే హక్కుతోటి అందాలె అన్న తెలివి మన నేలకు కొత్త కాదు.

పట్నం వచ్చినంక మిరాశి తెగింది. అపార్ట్‌మెంటుకు మిరాశి ఉండదు. మెయింటెనెన్స్ రసీదులో లిఫ్టుకు పైసలుంటయి, జనరేటర్‌కు ఉంటయి, ఒగ్గుకథకు ఉండవు.

ఇగ ఉద్యమం సంగతి. తెలంగాణను పాట నిలబెట్టిందని అందరూ అంటరు. నిజమే. 1999లో బెల్లి లలితను చంపిండ్రు. ఆ గొంతుకు భయపడే చంపిండ్రని ఇప్పటికీ ఊర్లు చెప్పుకుంటయి. 2002లో కామారెడ్డిలో ధూంధాం మొదలైంది. అక్కడి నుంచి పల్లె పల్లెకు పోయింది. 2009 నవంబర్ 29న మన ఎల్బీనగర్ చౌరస్తాలో కాసోజు శ్రీకాంతాచారి నిప్పంటించుకున్నడు, డిసెంబర్ 3న పాణం ఇడిసిండు. ఆ రోజుల్లో ఈ రోడ్ల మీద డప్పు ఆగలేదు. ఆ డప్పుకు కూలి ఎవరిచ్చిండ్రు? జనం ఇచ్చిండ్రు. జోలె పట్టినం, చందాలు రాసినం, ఎవరింట్ల వాళ్లు బువ్వ పెట్టిండ్రు. జోలెలో పడ్డ పది రూపాయల నోటు కూడా ఓ గ్రాంటే. ఉద్యమం నడిచింది చిన్న పైసల మీదనే.

2014లో రాష్ట్రం వచ్చింది. బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలైనయి. సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు జీతాలిచ్చిండ్రు. కళాకారునికి నెల జీతం రావుడు చిన్న ముచ్చట కాదు. వాళ్ల బువ్వను మేం తప్పు పట్టం. కానీ సర్కారు పథకాల ప్రచారమే ఆ కొలువులో పెద్ద పనైంది. ఆ 550 మందికి అవతల మిగిలిన వేల గొంతుల సంగతేంది? వాళ్లకు కొలువు రాదు. వాళ్లలో చానామంది అడుగుతున్నది కొలువు కూడా కాదు. ఏడాదికి నాలుగు ఆటలు అడుగుతున్నరు. ఆ నాలుగు ఆటలకు మర్యాదైన కూలి అడుగుతున్నరు.

పైసలు లేవా? ఉన్నయి. ఎక్కడ ఉన్నయో చూద్దాం.

2024 డిసెంబర్‌లో తొమ్మిది మంది ఉద్యమ కవులు, కళాకారులకు తలా కోటి రూపాయలు ప్రకటించిండ్రు. గద్దర్, గూడ అంజయ్య, అందెశ్రీ, గోరటి వెంకన్న లాంటోళ్లు ఆ వరుసలో ఉన్నరు. వాళ్లకు ఇచ్చిన దానికి మనం సంతోషపడాలె. వాళ్ల పాటకు కోటి తక్కువే. ఆ పైసలు వాళ్లకే ఉండనీయుండ్రి. అయితే ఒక లెక్క మాత్రం మనసులో పెట్టుకోండ్రి. తొమ్మిది కోట్లను యాభై వేల చొప్పున పంచితే 1,800 బృందాలకు వస్తయి. అట్లాంటి ఇంకో తొమ్మిది కోట్లు పక్కన పెట్టుడు ఈ రాష్ట్రానికి భారమా?

2025 సెప్టెంబర్ 29న మన పక్కనే సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మను పేర్చిండ్రు. 1,354 మంది ఆడబిడ్డలు ఒక్కసారి ఆడిండ్రు. గిన్నిస్ రికార్డు వచ్చింది. రికార్డు వచ్చినందుకు గర్వమే. కానీ బతుకమ్మ స్టేడియంలో పుట్టలేదు. వాకిట్ల పుట్టింది, చెరువు కట్ట మీద పెరిగింది. కాలనీలో తంగేడు పువ్వు దొరకదు, గునుగు దొరకదు, కొంటే అగ్గువకు రాదు. పాత పాట తెలిసిన అవ్వకు మైకు అందదు. స్పీకర్‌లో సినిమా బాణీ మోగుతది. రికార్డు ఒక్క రోజుది. అవ్వ నోట్లో ఉన్న పాట పోతే మళ్లీ రాదు.

ఇంకో ముచ్చట. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి ప్రభుత్వం కోటి రూపాయలు కూడా ప్రకటించింది. 2024 మే నెలలో ఆయన ఇదే సాగర్ రోడ్డు మీద తుర్కయాంజాల్‌లో ఇల్లు కట్టేకాడ కూలి పనిలో కనబడ్డడు. నెలనెలా రావాల్సిన 10,000 రూపాయల గౌరవ భృతి ఆగిందని, పిల్లల పెండ్లిళ్లకు, ఇంటి ఖర్చులకు ఉన్న పైసలు అయిపోయినయని ఆయనే చెప్పిండు. ఎవరిది తప్పు అనే పంచాయితీ మనకొద్దు. పాఠం మాత్రం నేర్చుకోవాలె. ఒక్కసారి వచ్చే కోటి ఇంటి అవసరాల్లో కరుగుతది. ఏటేటా వచ్చే ఆట కళాకారుణ్ణి కళాకారుడిగా నిలబెడుతది. కిన్నెరకు సన్మానం దొరికింది, కిన్నెర వినే నాలుగు వాకిళ్లు దొరకలేదు.

చిన్న మొత్తం కింది దాకా పోదు, మధ్యలోనే మాయమైతది అనేటోళ్లున్నరు. వాళ్లకు బోనాల చెక్కు చూపెట్టాలె. 2025లో బోనాలకు ప్రభుత్వం 20 కోట్లు కేటాయించింది. జంటనగరాల చుట్టూ రెండున్నర వేలకు పైగా గుళ్లకు ఆ సాయం పోయింది. సగటు తీస్తే గుడికి 80 వేలు దాటదు. అంటే గల్లీ గుడి దాకా చిన్న చెక్కు చేర్చే తొవ్వ ఈ సర్కారుకు ఇప్పటికే తెలుసు. కొత్తగా కనిపెట్టాల్సింది ఏం లేదు.

కానీ ఆ చెక్కు ఎట్ల పోతున్నదో కూడా చూడాలె. నాయకుని చేతి మీదుగ పోతది, ఫొటో దిగి పోతది. సున్నానికి, లైట్లకు, ఫ్లెక్సీలకు, సౌండు పెట్టెలకు ఖర్చయితది. బోనం ముందు నడిచే డప్పోళ్లకు, పోతరాజుకు, ఒగ్గోళ్లకు ఇంత అని ఆ కాయితంలో రాసి ఉండదు. అడుగుబొడుగు మిగిలితే ఇస్తరు. పైగా గుడికిచ్చేది గుడికే. గుడి లేని కళకు, తండా నుంచి వచ్చిన లంబాడి అక్కల తీజ్‌కు, పీర్ల ముందు ఆడే ఆటకు ఆ చెక్కు ముట్టదు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించిండ్రు. డీజే పక్కకు జరిగితే ఖాళీ అయ్యేది డప్పు జాగనే. ఆ జాగలో డప్పును నిలబెట్టాలంటే కాలనీ చేతిలో నాలుగు పైసలుండాలె.

కేంద్రం దగ్గర పథకాలు లేవా అంటే అవీ ఉన్నయి. కళా సంస్కృతి వికాస్ యోజన కింద ఉత్సవాలకు, నాటకాలకు 5 లక్షల దాకా సాయం ఉన్నది. 18 నుంచి 25 ఏండ్ల యువ కళాకారులకు రెండేండ్లు నెలకు 5,000 ఉపకారవేతనం ఉన్నది. వినడానికి బాగనే ఉన్నది. కానీ ఉత్సవాల సాయం కావాలంటే సంఘం రిజిస్టర్ అయ్యి మూడేండ్లు నిండాలె. దర్పణ్ పోర్టల్‌లో నంబరు ఉండాలె. ఆడిట్ అయిన లెక్కలుండాలె. పైసల్లో నాలుగో వంతు ఖర్చు లెక్కలు ఇచ్చినంకనే వస్తది. మన రాష్ట్రంలో సొసైటీ పెట్టాలంటేనే కనీసం ఏడుగురు సభ్యులుండాలె. బైరామల్‌గూడలో కిరాయి గదిలో ఉండి పొద్దున్నే అడ్డా మీద నిలబడే ఒగ్గు కళాకారుడు ఆడిటర్‌ను యాడికెళ్లి తెస్తడు? ఆడిటర్ ఫీజే ఆయన రెండు ఆటల కూలి. ఆ పైసలు ఎవరికి పోతయంటే దరఖాస్తు రాయడం తెలిసినోళ్లకు పోతయి.

ఇంకో దేశంలో ఎట్లున్నదో చెప్తం. మన పిల్లలు చదువులకు, కొలువులకు పోతున్న అమెరికాలో మసాచుసెట్స్ అనే రాష్ట్రం ఉన్నది. అక్కడ 351 ఊర్లు, పట్టణాలున్నయి. వాటన్నిటికీ కలిపి 329 స్థానిక సాంస్కృతిక మండళ్లున్నయి. మొదట్లో లాటరీ సొమ్ముతో మొదలైన ఏర్పాటు అది. రాష్ట్రం ఊరూరికి కొంత సొమ్ము పంపుతది. ఎవరికియ్యాలె అన్నది ఆ ఊరోళ్లే తేలుస్తరు. మండలి సభ్యులకు జీతం లేదు. కొన్ని వందల డాలర్ల సాయం కూడా ఇస్తరు. ఊరి గ్రంథాలయంలో ఒక కథా కచేరీ, బడిలో ఒక సంగీత శిబిరం, పార్కులో ఒక పండుగ, ఇసొంటియే. అమెరికాను చూసి మురుస్తలేం. ఒక్క మాటే చెప్తున్నం. ఊరి పైసను ఊరే పంచుకోవచ్చు, లెక్క చెప్పుకోవచ్చు. మిరాశి ఊర్లు పంచుకున్న జాతికి ఇది అర్థం కాని ఇద్య కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీలో కొందరు మొహాన్నే అడుగుతున్నరు. సర్కారు పైస తీసుకున్న గొంతు రేపు సర్కారును అడుగుతదా? జోలె పట్టి పాడిన పాటకు ఉన్న పదును చెక్కు తీసుకున్న పాటకు ఉంటదా?

న్యాయమైన భయం ఇది. దీన్ని కొట్టిపారెయ్యొద్దు. కానీ పైసను ఒద్దంటే ఏమైతది? గొంతు స్వేచ్ఛగా ఉండదు, అడ్డా మీద ఉంటది. ఆకలి కూడా గొంతు నొక్కుతది. అందుకే పైస ఒద్దనొద్దు. పైస మీద నాయకుని చెయ్యి ఒద్దనాలె. అది ప్రజల పన్ను. నాయకుని జేబులది కాదు. ఇచ్చే చేతికి, పాడే గొంతుకు నడుమ ఒక గోడ కట్టాలె. ఆ గోడ పేరే నిబంధన.

అందుకని మేం నాలుగు కోరికలు ఈ సభ ముందు పెడుతున్నం.

ఒకటి. ప్రతి వార్డుకు ఏటా 10 లక్షల కళానిధి ఉండాలె. 2020లో గ్రేటర్ ఎన్నికలు 150 వార్డులకు జరిగినయి. ఆ లెక్కన 15 కోట్లు. బోనాల సాయం కంటే తక్కువ. వార్డుల హద్దులు ఎన్నిసార్లు గీసినా మనిషిని చూసి లెక్క కట్టొచ్చు.

రెండు. పంచేది వార్డు కమిటీ. అండ్ల సగం మంది కళాకారులుండాలె, సగం మంది ఆడబిడ్డలుండాలె. పదవిలో ఉన్న నాయకులు, పార్టీ బాధ్యులు ఉండొద్దు. చెక్కుల పంపిణీ సభ ఉండొద్దు, పైసలు నేరుగ బ్యాంకు ఖాతాలో పడాలె.

మూడు. దరఖాస్తు ఒక్క పేజీ, తెలుగులో, ఉర్దూలో. చదువు రానోళ్లు నోటితో చెప్తే కమిటీ రాసుకోవాలె. 50,000 లోపు సాయానికి సొసైటీ రిజిస్ట్రేషన్ అడగొద్దు. ఆధార్, బ్యాంకు ఖాతా, ఇద్దరు కాలనీవాసుల సాక్ష్యం చాలు.

నాలుగు. ప్రతి సాయంలో కనీసం మూడింట రెండొంతులు కళాకారుల చేతికి పోవాలె. ఏం పాడాలె, ఎవరిని పొగడాలె అనే షరతు ఒక్కటి కూడా ఉండొద్దు. ఖర్చు లెక్క కాయితం మీద రాసి వార్డు ఆఫీసు గోడకు అంటియ్యాలె.

యాభై వేలతో ఏమైతది అనేటోళ్లకు ఈ లెక్క చెప్పుండ్రి. ఎనిమిది మంది ఒగ్గు బృందం. మూడు రాత్రులు. మనిషికి రాత్రికి 1,500 చొప్పున 36,000. మైకు, లైట్లకు 8,000. రానుపోను, బువ్వకు 6,000. మొత్తం 50,000. మూడు రాత్రులు మల్లన్న కథ ఒక కాలనీ నడుమ నడుస్తది. పిలగాండ్లు ఫోన్లు పక్కకు పెట్టి కూసుంటరు. వాళ్లలో ఒక్క పోరడు డోలు పట్టుకున్నా ఇంకో నలభై ఏండ్లు ఆ కథ బతుకుతది.

సర్కారు ఇచ్చేదాకా ఆగుదామా? ఆగొద్దు. ఉద్యమంలో ఎవరి కోసం ఆగినం? ఇక్కడున్న కాలనీ సంఘాల పెద్దలకు మా మనవి. మీ ఏడాది ఖర్చుల పుస్తకంలో లిఫ్టు పక్కన, జనరేటర్ పక్కన ఇంకో గీత గీయుండ్రి. ఇంటికి నెలకు పది రూపాయలు. వంద ఇండ్లుంటే ఏడాదికి 12,000. ఒక్క రాత్రి ఒగ్గుకథ కూలి అండ్లనే ఎల్తది. ఈ వార్డులో ఏ గల్లీలో ఏ కళాకారుడున్నడో పేరు, కళ, ఊరు రాసిన పట్టీ తయారు చేసుకుందాం. ఆ పట్టీ పట్టుకొని వార్డు ఆఫీసుకు పోదాం. ఎవరున్నరో తెల్వదు అనే సాకు వాళ్లకు మిగలొద్దు.

ఈ ఊరి పేరు వెనక ఒక కథ చెప్తరు. ఔరంగజేబు కాలంల గుడి లోపలి నుంచి ఒక గొంతు ఇనబడ్డదట, గుండె గట్టి చేసుకొని రమ్మన్నదట. కర్ మన్ ఘట్ అన్న ఆ మాటే ఊరి పేరైందట. కథ నిజమో కాదో గాని మాట మంచిది. వార్డు ఆఫీసు మెట్లెక్కేటప్పుడు ఆ మాట యాదికుంచుకోండ్రి. మనం అడిగేది త్యాగం. బిచ్చం కాదు.

పట్టీ ఇక్కన్నే ఉన్నది. పేర్లు రాయుండ్రి.

జై తెలంగాణ!