ఈగలోనూ మనలోనూ అదే పట్టు

మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలను మీరు చూసే ఉంటారు. ఆ ఈగ పిండంలో పుమిలియో అనే ప్రొటీన్ ఉంది. పిండం వెనక భాగంలో హంచ్‌బ్యాక్ అనే జన్యువు తాలూకు ఆర్ఎన్ఏను పట్టుకుని, దాన్ని పనిచేయనివ్వకుండా ఆపుతుంది. ఆపకపోతే ఈగకు పొట్ట భాగం సరిగా ఏర్పడదు.

ప్రొటీన్‌లో ఆర్ఎన్ఏను పట్టుకునే భాగం కొడవలిలా వంగి ఉంటుంది. అందులో వరసగా ఎనిమిది మడతలు. ఒక్కో మడత ఆర్ఎన్ఏలో ఒక్కో అక్షరాన్ని గుర్తుపడుతుంది.

అసలు ఆశ్చర్యం ఏమిటంటే, ఇదే ప్రొటీన్ మనిషిలోనూ ఉంది. ఈగ వంశం, మన వంశం విడిపోయి 50 కోట్ల ఏళ్లు దాటింది. అయినా ఈ భాగంలో అమైనో ఆమ్లాలు దాదాపు 80 శాతం ఒక్కటే! మనిషి ప్రొటీన్ ఈగ హంచ్‌బ్యాక్ ఆర్ఎన్ఏ ముక్కను పట్టుకున్న తీరును 2002లో శాస్త్రవేత్తలు స్ఫటికంలో స్పష్టంగా చూశారు. ఈస్ట్‌లోనూ, మొక్కల్లోనూ దీని బంధువులున్నాయి.

ఇంతకాలం ఎందుకు మారలేదు? ఈ ఒక్క భాగమే వందలాది ఆర్ఎన్ఏలను పట్టుకోవాలి. ఒక మడత చెడితే వాటన్నిటి మీదా పట్టు సడలుతుంది. అందుకే అలాంటి మార్పులను ప్రకృతి వరణం ఏరిపారేస్తూ వచ్చింది. మనుషుల్లో ఈ ప్రొటీన్ జన్యువు దెబ్బతింటే నడక తూలే అటాక్సియా జబ్బు వస్తుందని 2018లో తేలింది.