పార్టీల గురించి పెద్దలు ముందే చెప్పిన మాట

(కాట్‌బస్ నగరంలో తెలుగు విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

శనివారం పూట బట్టలు ఉతుక్కోవడం, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకోవడం మానుకుని ఇంతమంది వచ్చారంటే అది నా ప్రసంగం కోసం కాదని, వెనక గదిలోంచి వస్తున్న పులిహోర వాసన కోసమని నాకు తెలుసు. కనుక ఎక్కువసేపు మాట్లాడను.

ఈ ఊళ్ళో నాకు తెలిసిన ఇద్దరు కుర్రాళ్ళున్నారు. ఇద్దరిదీ ఒకే మండలం. ఒకే బస్సులో ఇంటర్ కాలేజీకి వెళ్ళినవాళ్ళు. ఇక్కడ యూనివర్సిటీలో చేరాక ఒకే గదిలో ఉండేవారు. ఒకడు అన్నం వండితే రెండోవాడు పప్పు చేసేవాడు. 2024 జూన్ 4న ఆంధ్రప్రదేశ్ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ఆ రాత్రి వాట్సాప్ లో ఒకడు ఒక మాట పెట్టాడు, రెండోవాడు రెండు మాటలు పెట్టాడు. వారం తిరిగేసరికి ఫ్రిజ్ లో అరలు పంచుకున్నారు. నెల తిరిగేసరికి గదులు మారారు. విచిత్రం ఏమిటంటే, ఆ ఎన్నికల్లో ఇద్దరూ ఓటు వెయ్యలేదు. వెయ్యాలంటే ఊరికి వెళ్ళి వెయ్యాలి, ఇద్దరూ ఇక్కడే ఉన్నారు.

తప్పెవరిదని నేను అడగను. ఏ పార్టీ మంచిదో చెప్పడానికి కూడా నేను రాలేదు. ఇలా జరుగుతుందని చాలాకాలం క్రితమే కొందరు పెద్దలు హెచ్చరించారు. వాళ్ళేం చెప్పారో, అందులో మనకు పనికొచ్చేది ఎంతో చూద్దామని నా ప్రయత్నం.

మొదట అమెరికా. 1787 నవంబరులో, కొత్త రాజ్యాంగం మీద చర్చ జరుగుతున్న రోజుల్లో, జేమ్స్ మాడిసన్ ఒక వ్యాసం రాశాడు. ఫెడరలిస్ట్ వ్యాసాల్లో అది పదవది. అందులో ఆయన వాడిన మాట 'ఫ్యాక్షన్'. ఆ మాటకు అర్థం అమెరికా వాళ్ళకంటే మన రాయలసీమ వాళ్ళకు బాగా తెలుసు! మనుషులకు స్వేచ్ఛ ఉన్నంతకాలం వర్గాలు పుడుతూనే ఉంటాయి, వాటిని నిర్మూలించాలని స్వేచ్ఛనే తీసేస్తే జబ్బు కంటే మందు ప్రమాదం, కనుక వాటి వల్ల జరిగే చెడును అదుపులో పెట్టే ఏర్పాట్లు చేసుకోవాలి అని ఆయన వాదన.

తొమ్మిదేళ్ళ తరువాత, 1796 సెప్టెంబరు 19న, జార్జి వాషింగ్టన్ పదవి వదిలిపెడుతూ దేశ ప్రజలకు రాసిన వీడ్కోలు సందేశం ఫిలడెల్ఫియా పత్రికలో అచ్చయింది. అందులో పార్టీతత్వం గురించి గట్టిగా హెచ్చరించాడు. ఒక వర్గం గెలిచినప్పుడు రెండోదాని మీద పగ తీర్చుకుంటుంది, తరువాత రెండోది గెలిచి మొదటిదాని మీద తీర్చుకుంటుంది. ఈ కక్షలతో విసిగిపోయిన జనం చివరకు ఒక్క మనిషి చేతిలో అధికారమంతా పెట్టి హమ్మయ్య అనుకుంటారు. స్వేచ్ఛకు అక్కడితో చెల్లు. ఇదీ ఆయన భయం.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ సందేశానికి 1792లో మొదటి చిత్తుప్రతి రాసిపెట్టింది మాడిసన్. 1796లో దానికి మెరుగులు దిద్దింది అలెగ్జాండర్ హామిల్టన్. ఆ ఇద్దరే అప్పటికి రెండు ఎదురెదురు పార్టీల పెద్దలు! పార్టీలొద్దని చెప్పే కాగితం మీద రెండు పార్టీల చేతులూ పడ్డాయి. ప్రమాదం తెలిసినవాళ్ళు కూడా అందులోంచి తప్పించుకోలేకపోయారంటే అది చిన్న విషయం కాదు.

వాషింగ్టన్ భయం నిజమైందా అంటే, అమెరికాలో సంగతేమో గాని, మనం కూర్చున్న ఈ దేశంలో నిజమైంది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత వచ్చిన 1919 వైమార్ రాజ్యాంగంలో పార్టీ అన్న మాట వచ్చేది ఒక్కచోటే: ఉద్యోగులు ప్రజలందరికీ సేవకులు, ఒక పార్టీకి కాదు అని చెప్పే 130వ అధికరణంలో. పార్టీలు ఎలా నడవాలో మాత్రం ఆ రాజ్యాంగం చెప్పలేదు. పద్నాలుగేళ్ళు తిరక్కుండానే, కలహాలతో విసిగిన జనంలో చాలామంది ఒక్క నాయకుడి వెనక నిలబడ్డారు. 1933 జులై 14న వచ్చిన చట్టంతో నాజీ పార్టీ తప్ప మరో పార్టీ ఉండటమే నేరమైంది.

యుద్ధం ముగిశాక ఈ ప్రాంతం తూర్పు జర్మనీలో ఉండిపోయింది. 1946లో కమ్యూనిస్టు, సోషల్ డెమొక్రాటిక్ పార్టీలను కలిపేసి సోషలిస్ట్ యూనిటీ పార్టీని నిలబెట్టారు. 1968 రాజ్యాంగంలో మొదటి అధికరణంలోనే పార్టీ నాయకత్వం అని రాసుకున్నారు. అంటే పార్టీ రాజ్యాంగానికి లోబడటం కాదు, రాజ్యాంగమే పార్టీ కిందికి వచ్చింది. మనవాళ్ళు చాలామంది అప్పుడు ఇక్కడ ఒకటే పార్టీ ఉండేదనుకుంటారు. కాదు. క్రిస్టియన్ డెమొక్రాట్లు, లిబరల్ డెమొక్రాట్లు, రైతుల పార్టీ, నేషనల్ డెమొక్రాట్లు అని మరో నాలుగు ఉండేవి. అందరిదీ కలిపి ఒకటే జాబితా. ఓటరు ఆ కాగితం తీసుకుని మడిచి పెట్టెలో వెయ్యడమే. తెర చాటుకు వెళ్తే అనుమానంగా చూసేవారు. 1989 మే 7న జరిగిన స్థానిక ఎన్నికల్లో ఆ జాబితాకు 98.85 శాతం మద్దతు వచ్చిందని ప్రకటించారు. కొన్ని ఊళ్ళలో మామూలు పౌరులు లెక్కింపు దగ్గర నిలబడి అంకెలు రాసుకుని, అది దొంగ లెక్క అని తేల్చారు. ఆ ఏడాది చివరికి బెర్లిన్ గోడే కూలింది. డిసెంబరు 1న పార్టీ నాయకత్వం అన్న మాటను రాజ్యాంగంలోంచి తీసేశారు.

ఈ ఊళ్ళో బావ్‌ట్సెనర్ వీధిలో ఒక పాత జైలుంది. మీలో కొందరు దాని పక్కనుంచి సైకిల్ మీద వెళ్ళే ఉంటారు. దేశం విడిచి వెళ్ళాలనుకున్నవాళ్ళను, పార్టీకి నచ్చని మాట అన్నవాళ్ళను అందులో పెట్టేవారు. లోపల వాళ్ళచేత పెంటాకాన్ కెమెరాల భాగాలు చేయించేవారు. వాళ్ళలో ఎంతోమందిని పశ్చిమ జర్మనీ డబ్బిచ్చి విడిపించుకుంది. 2011లో ఆ జైలును కొనుక్కున్నది ఎవరనుకున్నారు? ఒకప్పుడు అందులో ఖైదీలుగా ఉన్నవాళ్ళు పెట్టుకున్న సంఘం. ఇప్పుడది స్మారక భవనం. చూడనివాళ్ళు ఒక ఆదివారం వెళ్ళి చూడండి. పార్టీలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, పార్టీని కాదనే హక్కు మనిషికి ఉందా అన్నది అసలు ప్రశ్న అని అక్కడ తెలుస్తుంది.

ఇక మన దేశం సంగతి. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో డాక్టర్ అంబేద్కర్ చేసిన ప్రసంగం చాలామంది వినే ఉంటారు. కులాలు, మతాలు అనే పాత శత్రువులకు తోడు ఇప్పుడు పరస్పరం పడని పార్టీలు కూడా వస్తున్నాయి, అవి తమ సిద్ధాంతాన్ని దేశం కంటే పైన పెడితే వచ్చిన స్వాతంత్ర్యం మళ్ళీ ప్రమాదంలో పడుతుంది అన్నారాయన. భక్తి మతంలో మోక్షమార్గం కావచ్చు గాని, రాజకీయాల్లో అది నియంతృత్వానికి దారి అని కూడా అన్నారు. హీరోల కటౌట్లకు పాలాభిషేకాలు చేసే మన తెలుగువాళ్ళు ఈ రెండో మాటను రోజుకోసారి తలుచుకోవాలి.

అయినా మన రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ప్రసక్తి చాలాకాలం లేదు. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చినప్పుడే పార్టీలు రాజ్యాంగంలోకి వచ్చాయి. ఫిరాయింపులు ఆపాలన్న ఉద్దేశం మంచిదే. కాని ఫలితం? పార్టీ విప్ కు వ్యతిరేకంగా ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. ఎమ్మెల్యేకు మనస్సాక్షి ఉన్నా దాన్ని విప్ దగ్గర తాకట్టు పెట్టాలి. పోనీ ఫిరాయింపులు ఆగాయా? కండువా మార్చడం మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంత మామూలైందో నేను చెప్పక్కర్లేదు.

పార్టీలే లేకుండా చేద్దామని ప్రయత్నించినవాళ్ళూ ఉన్నారు. అందులో తెలుగువాళ్ళకు పెద్ద వాటా ఉంది. ఎం.ఎన్. రాయ్ స్థాపించిన రాడికల్ డెమొక్రాటిక్ పార్టీకి ఆంధ్రలో కార్యదర్శిగా పనిచేసింది మన నవలాకారుడు త్రిపురనేని గోపీచంద్. తెనాలిలో ఆవుల గోపాలకృష్ణమూర్తి గారు రాయ్ భావాలకు పెద్ద దిక్కు. 1948 డిసెంబరులో రాయ్ తన పార్టీని తానే రద్దు చేశాడు. అధికారం కోసం పుట్టిన ఏ పార్టీ అయినా జనాన్ని ఆలోచించనివ్వదు, తన తరఫున ఆలోచించే పని తానే పుచ్చుకుంటుంది, కనుక ఊరూరా ప్రజాసంఘాలు ఏర్పడి తమలోంచే ప్రతినిధులను పంపాలి అన్నాడు. పెట్టిన పార్టీని గెలవలేక కాక సిద్ధాంతం కోసం మూసేశానని చెప్పగలిగిన నాయకులు ఎంతమంది ఉంటారు?

తరువాత జయప్రకాశ్ నారాయణ్. 1951 ఏప్రిల్ 18న మన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా ముందు వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైంది కదా. ఆ ఉద్యమానికే 1954లో జీవితం అంకితం చేసి జయప్రకాశ్ పార్టీ రాజకీయాలు వదిలేశాడు. 1959లో పార్టీరహిత ప్రజాస్వామ్యం కావాలని పుస్తకమే రాశాడు. కాని ఎమర్జెన్సీని ఓడించడానికి 1977లో ఆయనే దగ్గరుండి జనతా పార్టీని నిలబెట్టాల్సి వచ్చింది. రెండున్నరేళ్ళు తిరక్కుండానే ఆ ప్రభుత్వం లోపలి ముఠాలతో కూలిపోవడం కూడా ఆయన కళ్ళతో చూశాడు.

మన ఊళ్ళలో సర్పంచి ఎన్నిక ఇప్పటికీ పార్టీ గుర్తు లేకుండానే జరుగుతుంది. కాగితం మీద అది రాయ్ కలే. కాని ఏ అభ్యర్థి ఏ పార్టీ మనిషో ఊళ్ళో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. గుర్తు తీసేస్తే వర్గం పోలేదు. మాడిసన్ చెప్పింది ఇదే.

మరి ఏం చెయ్యాలి? దెబ్బతిన్న జర్మనీ 1949లో రాసుకున్న రాజ్యాంగం చూడండి. 21వ అధికరణం పార్టీలను గుర్తించింది, కాని షరతులు పెట్టింది: పార్టీ లోపల కూడా ప్రజాస్వామ్యం ఉండాలి, డబ్బు ఎక్కడిదో బయటపెట్టాలి. 38వ అధికరణం పార్లమెంటు సభ్యుడు ఎవరి ఆదేశాలకూ కట్టుబడనక్కర్లేదు, తన మనస్సాక్షికే కట్టుబడాలి అంటుంది. ఇక్కడా పార్టీ మాట జవదాటేవాళ్ళు తక్కువే. కాని దాటినవాడి సీటు పోదు. మన దగ్గర బీ ఫారం ఎవరికో ఒక ఇంట్లో తేలుతుంది. పార్టీలకు ఎవరిచ్చారో తెలియకుండా డబ్బు చేరవేసిన ఎలక్టోరల్ బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసే దాకా అవి ఆరేళ్ళు నడిచాయి.

చట్టాలు మార్చడం మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒకటుంది. మీలో కొందరు రేపు జర్మన్ పౌరసత్వం తీసుకుని ఇక్కడ ఓటు వేస్తారు, కొందరు ఊరికి వెళ్ళి అక్కడ వేస్తారు. ఎక్కడైనా సరే, మీకు నచ్చిన పార్టీ చేసిన ఒక తప్పు, నచ్చని పార్టీ చేసిన ఒక మంచి పని, ఈ రెండూ మీ నోటితో చెప్పగలరేమో ఇంటికి వెళ్ళాక పరీక్షించుకోండి. చెప్పగలిగితే ఆ పార్టీకి మీరు ఓటు మాత్రమే ఇచ్చారు. చెప్పలేకపోతే ఓటుతో పాటు ఇంకేదో కూడా ఇచ్చేశారు. దాన్ని వెనక్కి తెచ్చుకోండి.

ఆ ఇద్దరు కుర్రాళ్ళ మాటకొస్తే, ఇద్దరూ ఈ హాల్లోనే ఉన్నారు. ఒకరు ఈ గోడ దగ్గర, ఒకరు ఆ గోడ దగ్గర. పేర్లు చెప్పను. పులిహోర వరస మాత్రం ఒకటే ఉంది. నాయనలారా, ఇద్దరూ ఒకేసారి లేచి వెళ్ళండి. మిగతావాళ్ళం వెనకే వస్తాం.